డాబా మీద తోడికోడళ్ళు: టమాటా, మిరప

నమస్తే అండీ. గుంటూరు బ్రాడీపేటలో మా డాబా మీద నుంచి మాట్లాడుతున్నాను. కింద హారన్లు వినపడితే ఏమీ అనుకోకండి, స్కూలు బస్సులు వచ్చే టైము ఇది. ఫోను పట్టుకున్నది మావాడు, ఏడో తరగతి. మధ్యలో ఉన్నట్టుండి ఆకాశం కనపడిందంటే వాడి చేయి నొప్పెట్టిందని అర్థం.

అక్టోబర్ సగానికి వచ్చాం. ఇదిగో, ఇటు వరసలో పెయింటు బకెట్లలో ఉన్నవి మిరప మొక్కలు, ఆగస్టులో నాటాను. ఇప్పుడిప్పుడే కాపు మొదలైంది. అటు ట్రేలో ఉన్నది టమాటా నారు, విత్తనం పడి 26 రోజులు. ఇవాళ నాటుతున్నాను. రెండూ ఒకేసారి పెట్టొచ్చు కదా అంటారు చాలామంది. కిటుకంతా అక్కడే ఉంది. ఇవి రెండూ, వంకాయతో సహా, ఒకే కుటుంబం మొక్కలు. అయినా నా లెక్కలో టమాటా, మిరప ఒకే ఇంటికొచ్చిన తోడికోడళ్ళు. వంటింట్లో కలిసే ఉంటాయి, ఎవరి అలవాట్లు వాళ్ళవే.

మా పక్కింటి పిన్నిగారి సంగతి చెప్తాను. 2023లో టమాటా కిలో వంద దాటిపోయింది గుర్తుందిగా, ఆ కోపంతో ఆవిడ మరుసటి మార్చిలో నాలుగు కుండీల్లో టమాటా పెట్టారు. మే నెలకల్లా మొక్కలు నడుమెత్తుకు లేచాయి. పూత గుత్తులు గుత్తులు. పిందె మాత్రం ఒక్కటి లేదు. పొద్దున్నే చూస్తే కుండీ చుట్టూ పసుపు చల్లినట్టు రాలిన పువ్వులే. షాపతను ఏది చేతిలో పెడితే అది తెచ్చి పోశారు, నాలుగు రకాల సీసాలు అయిపోయాయి. చివరికి నన్ను పిలిచి, "ఏం మందు వెయ్యాలి బాబూ?" అన్నారు. నేను ఆలోచించకుండా, "మందు కాదు పిన్నిగారూ, నెల తప్పింది" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నా మొహం చూసి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఇప్పటికీ నేను కనపడితే నవ్వుతారు.

కానీ మాట నిజమే. టమాటా పువ్వుకు వేడి పడదు. పగలు 35 డిగ్రీలు దాటితే పుప్పొడి పాడవుతుంది. అంతకంటే ముఖ్యం రాత్రి చల్లదనం. రాత్రిపూట 24 డిగ్రీల కన్నా దిగకపోతే పువ్వు పిందె కట్టకుండానే రాలిపోతుంది. మన మే నెల రాత్రులు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా? పదింటికి కూడా డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. బెజవాడ వాళ్ళయితే మరీనూ, తెల్లదొరలు ఆ ఊరిని బ్లేజ్‌వాడ అనేవాళ్ళని ఇప్పటికీ చెప్పుకుంటారు. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతుంటే పుప్పొడి ఎంత?

మరి ఎండాకాలంలో మనకు టమాటా ఎక్కణ్ణుంచి వస్తోంది? ఎక్కువగా మదనపల్లె నుంచి. ఆ ఊరు సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. మన గుంటూరు ముప్పై చిల్లర మీటర్లు. అక్కడ రాత్రి దుప్పటి వెతుక్కుంటారు, మనం ఏసీ రిమోట్ వెతుక్కుంటాం. తేడా అంతా అదే. ఏ సీసా తెచ్చి పోసినా ఆ తేడా పూడదు.

అందుకని మనకు టమాటా చలికాలం పంట. సెప్టెంబర్ మధ్యలో విత్తనం, అక్టోబర్ మధ్యలో నాటు, కార్తీక మాసంలో పూత, సంక్రాంతికి కాయ. సంక్రాంతి నుంచి మార్చి దాకా తెంపుకుంటూ ఉండొచ్చు. ఆ తర్వాత పండినా రంగు సరిగ్గా రాదు. ముప్పై దాటిన వేడిలో ఎరుపు పట్టదు, నారింజ రంగులోనే ఆగిపోతుంది. అప్పుడిక మొక్క పీకేయడమే.

సరే, నాటేద్దాం. చిన్నోడా, ఫోను దగ్గరికి తీసుకురా. ఈ కాండం మీద సన్నటి నూగు చూశారా? మట్టిలోకి వెళ్ళిన చోటల్లా కాండం వేరు పుట్టిస్తుంది. అందుకే కింది రెండు జతల ఆకులు గిల్లేసి, మొక్కను మెడ దాకా పాతేస్తున్నాను. పైన నాలుగాకులు మిగిలితే చాలు. నారు బాగా సాగిపోయి పుల్లలా ఉన్నా దిగులు పడొద్దు, అడ్డంగా పడుకోబెట్టి పాతండి, మూడు రోజుల్లో తల ఎత్తుతుంది. ఈ వైద్యం మిరపకు మాత్రం చెయ్యకండి. మిరప ట్రేలో ఎంత లోతున ఉందో బకెట్లోనూ అంతే లోతు. మెడ దాకా పాతితే కుళ్ళుతుంది.

మట్టి గురించి ఒక తప్పు ఒప్పుకుంటాను. మా బాబాయ్‌కి ప్రత్తిపాడు దగ్గర మిరప తోట ఉంది. బంగారం పండే నల్లరేగడి కదా అని రెండు బస్తాలు ఆటోలో వేయించుకొచ్చాను. పొలంలో అది బంగారమే. బకెట్లో పోస్తే నీళ్ళు పోసినప్పుడు బురద, ఆరితే ఇటుక. అంచు దగ్గర వేలు దూరేంత బీట పడి, పోసిన నీళ్ళన్నీ అందులోంచి కిందికి జారిపోయేవి. ఇప్పుడు సగం ఎర్రమట్టి, మిగతా సగంలో బాగా మాగిన పశువుల ఎరువు, కోకోపీట్ అంటే కొబ్బరి పీచు పొట్టు, ఒక గుప్పెడు వేపపిండి. ఇంతే. టమాటాకు 20 లీటర్ల బకెట్, మిరపకు 10 లీటర్లదైనా సరిపోతుంది.

బకెట్‌కు చిల్లులు అడుగునే కాదు, పక్కన కూడా, అడుగు నుంచి అంగుళం ఎత్తున పెట్టండి. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, ఆ రెండు రోజుల వానకు నా మిరప మొక్కలు ఆరు ఉరకెత్తిపోయాయి. అడుగు చిల్లులు శ్లాబుకు అతుక్కుని మూసుకుపోయాయి, లోపల వేళ్ళు నీళ్ళలో మునిగి ఊపిరాడక చచ్చాయి. పక్కన చిల్లులున్న రెండు బకెట్లే బతికాయి. అప్పటి నుంచి ప్రతి బకెట్ కిందా రెండు ఇటుక ముక్కలు కూడా పెడుతున్నాను.

ఇక మిరప. ఆసియాలోనే పేరున్న మిర్చి యార్డు మా ఊళ్ళోనే ఉంది. మిరప విత్తనం మీద పరిశోధన చేసే లాం ఫారం ఇక్కడికి కూతవేటు దూరం. మీరు కొనే ఎల్‌సీఏ 334, 353 లాంటి రకాలు అక్కడివే. ఇంత ఉన్న ఊళ్ళో పుట్టి మూడేళ్ళు ఒక్క మిరప మొక్కను బతికించలేకపోయాను నేను. కారణం ఒకే మాట: ముడత.

మిరప ఆకు ముడుచుకుందనగానే మనం చేసే పని వేపనూనె కొట్టడం. తగ్గకపోతే ఇంకాస్త కొట్టడం. బాబాయ్ ఒకసారి వచ్చి చూసి, "ఒరేయ్, ముందు ఆకు ఎటు ముడిచిందో చూశావా?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు రాక నేను నిలబడిపోయాను. అన్ని ముడతలూ ఒకటే అనుకున్నాను కదా.

ఇదిగో, ఈ ఆకు చూడండి. అంచులు రెండూ పైకి లేచాయి, దోనె లాగా. దీన్ని పై ముడత అంటారు. తామర పురుగుల పని. ఆకు తిప్పి ఈనె పక్కన చూడండి. కదలట్లేదు అనిపిస్తుంది. ఫోను కెమెరా జూమ్ చెయ్యి చిన్నోడా. ఆ కనపడింది, బియ్యపు నూక కన్నా సన్నం, లేత పసుపు. ఆకు గీకి రసం పీలుస్తుంది. కనపడకపోతే తెల్ల కాగితం పట్టుకుని దాని మీద కొమ్మ దులపండి, పాకుతాయి. దీనికి నీలం రంగు జిగురు అట్టలు, సాయంత్రం పూట లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, అందులో కాస్త సబ్బు నీళ్ళు. ఆకు అడుగున తగలాలి. పైన కొట్టి మెరిసిందని సంతోషపడితే లాభం లేదు.

2021 చివర్లో మన జిల్లాల్లో మిరప తోటల్ని ఊడ్చేసిన నల్ల తామర పురుగు వేరు. అది ఎక్కువగా పువ్వులో దూరుతుంది. ఆ ఏడాది బాబాయ్ తోటలో పువ్వు తెంపి అరచేతిలో విదిలిస్తే నల్లగా పొడి పడ్డట్టు పడ్డాయి. కొంతమంది రైతులు తోటలే దున్నేశారు. మీ మొక్కకు పూత ఉన్నప్పుడు ఒక పువ్వు తెంపి అలా విదిల్చి చూసుకోండి.

ఇప్పుడు ఈ రెండో మొక్క. ఇక్కడ అంచులు కిందికి తిరిగాయి, బోర్లించిన పడవలా. కాడ కూడా పొడుగ్గా సాగింది. ఇది కింది ముడత, నల్లి వల్ల వస్తుంది. మంచాల్లో ఉండే నల్లి కాదు, మొక్కల మీద ఉండేది. ఈ నల్లిది పురుగుల జాతి కాదు, ఎనిమిది కాళ్ళున్న సాలీడు చుట్టం. అందుకే చాలా పురుగు మందులు దానికి పట్టవు. నేను మూడేళ్ళు వృథాగా కొట్టింది దీని మీదే. నీటిలో కలిసే గంధకం పొడి లీటరుకు 3 గ్రాములు, చల్లబడ్డాక కొడితే అణుగుతుంది. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టాక రెండు వారాల దాకా గంధకం ముట్టుకోకండి, రెండూ కలిస్తే కూడా మాడుతుంది. వీటికంటే ముందు రెండు రోజులు గట్టిగా నీళ్ళ ధారతో ఆకు అడుగు కడిగి చూడండి. చాలాసార్లు అక్కడితోనే సరిపోతుంది.

మూడోది చివర్లో చూపిస్తాను.

నీళ్ళ సంగతి. తోడికోడళ్ళకు అసలు పడనిది ఇక్కడే. టమాటాకు నీళ్ళు ఎక్కువా తక్కువా కాదు, రోజూ ఒకే రకంగా ఉండాలి. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు బకెట్ నింపితే కాయ అడుగు నల్లగా తోలులా అవుతుంది. కాల్షియం తక్కువని చెప్పి అందరూ గుడ్డు పెంకులు వేస్తారు. పెంకు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, ఆ లోపు మీ టమాటా సీజనే అయిపోతుంది. మట్టిలో కాల్షియం సాధారణంగా ఉంటుంది, దాన్ని కాయ దాకా మోసుకెళ్ళే నీళ్ళే సరిగ్గా అందవు. మిరప అలా కాదు. వేలు మట్టిలో రెండు కణుపులు దూర్చి, పొడిగా తగిలితేనే పోయాలి. మిరపను ముద్దు చేసి రోజుకు రెండుసార్లు పోసేవాళ్ళే ఎక్కువ చంపుతారు.

ఇంకొకటి, వచ్చే వేసవికి గుర్తుంచుకోండి. డాబా మీద ట్యాంకు నుంచి వచ్చే పైపు ఎండలో పడి ఉంటుంది కదా, అందులో మొదట వచ్చే నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడి. టీ కాచుకోవచ్చు. అవి నేరుగా వేళ్ళ మీద పోస్తే ఇంకేం మిగుల్తుంది? చల్లనీళ్ళు వచ్చేదాకా పక్క బకెట్లో పట్టండి.

వేసవిలో మిరపను 50 శాతం నీడనిచ్చే నెట్టు కింద పెడితే చాలు. పూత రాలినా మొక్క చావదు. మృగశిర రాగానే సగానికి కత్తిరించి ఎరువు వెయ్యండి, మళ్ళీ చిగురిస్తుంది. ఆ మూల మొక్కకు ఇది మూడో ఏడు.

టమాటా పూత వచ్చాక పొద్దున్నే గుత్తిని వేలితో నెమ్మదిగా తట్టండి. మా మూడో అంతస్తు మీదికి తేనెటీగలు అంతగా రావు. పువ్వును కదిపి పుప్పొడి రాల్చే పని మనమే చెయ్యాలి. అన్నట్టు, ఇంట్లో చుట్ట, సిగరెట్ కాల్చేవాళ్ళుంటే చేతులు సబ్బుతో కడుక్కుని మొక్కను ముట్టుకోమనండి. పొగాకుదీ ఇదే కుటుంబం, పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ చేతుల మీద నుంచి టమాటాకు అంటుకుంటుంది. పొగాకు బోర్డు ఆఫీసు ఉన్న ఊరు మనది, ఈ ముక్క మనకు తెలియాలి. చుట్టకూ టమాటాకూ ఉన్నది చుట్టరికమే.

డబ్బు మిగులుతుందా అంటే, మిగలదండీ. మట్టి, బకెట్లు, నెట్టు లెక్కేస్తే రైతు బజారే చవక. నేను ఆ లెక్క వేయడం మానేశాను.

ఇప్పుడు ఆ మూడో ముడత. ఆ చివరి బకెట్. ఈ ఆకుల్లో ముడత ఒక్కటే కాదు. చిన్నవైపోయి, గిడసబారి, ఈనెలు తేలి, మొక్క చివర గుబురుగా గుత్తి కట్టింది. అడుగున ఏ పురుగూ లేదు. దీన్ని బొబ్బర అంటారు, జెమినీ వైరస్. తెల్లదోమ తెచ్చి అంటిస్తుంది. దీనికి మందు లేదు. ఇక్కడ ఉంచితే తెల్లదోమ దీని మీద వాలి, ఇవాళ నాటిన టమాటా మీదికి పోతుంది. టమాటాను చుట్టేసే ఇలాంటి వైరస్ ఇంకోటి ఉంది, దాన్నీ తెల్లదోమే తెస్తుంది. కాబట్టి పసుపు అట్టలు కట్టాలి, దీన్ని పీకెయ్యాలి.

పొద్దున్నే పీకుదామని వచ్చాను. అమ్మ మెట్ల గది గుమ్మంలో నిలబడి, "నాలుగు కాయలున్నాయి కదరా, ఉండనీరా పాపం" అంది. తగ్గుతుందేమో చూద్దామని వారం రోజులుగా నేనూ అదే అనుకుంటూ వచ్చాను, అందుకే పక్క బకెట్లో కూడా ఒక కొమ్మ అనుమానంగా ఉంది. అమ్మా, ఇదిగో, కాయలు నీకు. వీటికేం కాదు, తినొచ్చు.

చిన్నోడా, ఫోను అక్కడ పెట్టి ఆ బకెట్ కాస్త వంచి పట్టుకో. వేళ్ళతో సహా రావాలి. ఆఁ, వచ్చింది. ఆ కవర్లో వేసి మూతి కట్టు.