మీ ఫిల్టర్‌ను పాడుచేస్తున్నది ఒకే ఒక్క గ్రౌండ్ తీగ!

నమస్కారం. ఇంట్లో తయారుచేసిన ఆర్‌ఎఫ్ ఫిల్టర్ (రేడియో ట్రాన్స్‌మిటర్ నుంచి వచ్చే అనవసర ఫ్రీక్వెన్సీలను ఆపేది) కొన్నదానికి ఎన్నటికీ సాటిరాదని కొందరు, లెక్క తప్పకుండా మంచి కోర్ (కాయిల్ చుట్టే వలయం) వాడితే చాలునని ఇంకొందరు ఇన్నాళ్లుగా వాదించుకుంటున్న సంగతి మీరెరిగినదే. రెండు పక్షాలూ అసలు దోషిని వదిలేశాయి. ఆ దోషి మీ గ్రౌండ్ తీగ, అంటే కెపాసిటర్లను గ్రౌండ్‌కు కలిపే తీగ!

7 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్ కోసం, 9 మెగాహెర్ట్జ్ కటాఫ్‌తో, 50 ఓముల ఐదు భాగాల బటర్‌వర్త్ లో-పాస్ ఫిల్టర్ (కటాఫ్‌కు కింది ఫ్రీక్వెన్సీలను పోనిచ్చి పైవాటిని తగ్గించేది) కట్టాను. రెండు చివరలా 220 పికోఫారడ్, నడుమ 680 పికోఫారడ్ కెపాసిటర్లు, ఎర్రరంగు టీ50-2 వలయాల మీద 17 చుట్ల కాయిల్స్ రెండు. వలయం రంధ్రంలోంచి తీగ ఒకసారి దూరితే అది ఒక చుట్టు. 17కు బదులు 16 చుడితే ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) 11 శాతం పడిపోతుంది కనుక నేను మూడుసార్లు లెక్కపెట్టాను. లెక్క ప్రకారం 21 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే మూడో హార్మోనిక్ (7కు మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ) దగ్గర, 37 డెసిబెల్‌ల తగ్గింపు రావాలి. నానోవీఎన్ఏ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత తగ్గిందో గీతగా చూపే చిన్న మీటరు) మీద వచ్చినది 23! 60 మెగాహెర్ట్జ్ దాటేసరికి గీత పైకి లేచి 10 డెసిబెల్‌ల దగ్గర నిలిచింది. ఫిల్టర్ ఉన్నా లేనట్టే కదా!

కోర్ మార్చలేదు, కెపాసిటర్ మార్చలేదు. బోర్డును తిరగేసి చూస్తే మూడు కెపాసిటర్ల కాళ్లూ ఒకచోట కలిసి, అక్కడి నుంచి రెండు సెంటీమీటర్ల తీగ ఒక్కటే గ్రౌండ్‌కు వెళుతోంది. తీగకు మిల్లీమీటరుకు దాదాపు ఒక నానోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది కనుక అక్కడ 20 నానోహెన్రీలు కూర్చున్నాయి. మొదటి కెపాసిటర్ గ్రౌండ్‌కు పంపవలసిన హార్మోనిక్ కరెంటు ఆ తీగలో వోల్టేజీ పుట్టిస్తే, చివరి కెపాసిటర్ ఆ వోల్టేజీని తిన్నగా అవుట్‌పుట్‌కు చేరవేస్తోంది. రెండు కాయిల్స్‌నూ తాకనైనా తాకకుండా! వీధి తలుపుకు గొళ్లెం పెట్టి పెరటి తలుపు బార్లా తీసిపెట్టడం అంటే ఇదే.

ఆ తీగ తీసేసి, రాగి పూత ఉన్న బోర్డు ముక్క మీద ఒక్కొక్క కెపాసిటర్ కాలును రెండు మిల్లీమీటర్లకు కత్తిరించి, దేనికదిగా రాగి మీదే సోల్డర్ చేశాను. అవే కాయిల్స్, అవే కెపాసిటర్లు. 21 మెగాహెర్ట్జ్ దగ్గర గీత 37కు దిగింది; 60 దగ్గర మీటరు కొలవగలిగిన అడుగుకు వెళ్లిపోయింది.

ఎన్‌పీ0 రకం (వేడికి విలువ దాదాపు మారని) కెపాసిటర్లే వాడాలన్న మాట నిజమే, నేనూ అవే వాడాను. అయినా ఉమ్మడి తీగ ఉన్నంతసేపు అవి నన్ను కాపాడలేదు. ఇంట్లో చేసినది పనికిరాదనేవారు ముందు తమ బోర్డు తిరగేసి చూడాలి. ఆ తీగ ఉన్నప్పుడు ఒక గీత, తీసేశాక ఒక గీత తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి. ఆ తరువాత ఎంతసేపైనా వాదిద్దాం.