భైరాన్‌పల్లికి 17 రోజుల ఆలస్యం

మిత్రులారా,

నిరంకుశుడి మీదికి ముందే సైన్యాన్ని పంపడం న్యాయమేనా అంటే చాలామంది హిట్లర్ దగ్గర మొదలుపెడతారు. నేను సిద్దిపేట జిల్లా భైరాన్‌పల్లి దగ్గర మొదలుపెడతాను.

ఆ ఊరి బురుజు ఇప్పటికీ ఉంది. నిజాం పక్షాన ఊళ్ల మీద పడే సాయుధ దళాలు, రజాకార్లు వస్తున్నారేమోనని దాని మీద కాపలా కాసేవారు, నగారా కొట్టి ఊరిని లేపేవారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు ఒంటరిగా రాలేదు. నిజాం బలగాలతో, ఫిరంగులతో వచ్చారు. దొరికిన మగవాళ్లను వరసగా నిలబెట్టి కాల్చారు. తొంభై మందికి పైగా చనిపోయారు.

భారత సైన్యం సెప్టెంబర్ 13న కదిలింది. 17న నిజాం లొంగిపోయాడు. ఐదు రోజుల్లో తేలిపోయిన పని! భైరాన్‌పల్లికీ సైన్యానికీ మధ్య 17 రోజులు.

ముందే వెళ్లాల్సిందని నేను గట్టిగా నమ్ముతాను. భారత్‌లో కలవని నిజాంతో, ఉన్నదున్నట్టు కొనసాగిద్దామన్న యథాతథ ఒప్పందం కుదిరి తొమ్మిది నెలలైంది, చర్చలు ఎటూ తేలలేదు. కశ్మీర్ యుద్ధం ఒకవైపు ఉంది, నిజమే. కానీ రజాకార్లను తప్పుబట్టిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను ఆగస్టులోనే హైదరాబాద్ నడివీధిలో చంపి, చెయ్యి నరికేశారు. ఇంకేం రుజువు కావాలి? 2003లో అమెరికా లేని ఆయుధాల పేరు చెప్పి ఇరాక్ మీదికి వెళ్లింది. దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టలేం. ఇక్కడ ముప్పు ఊహ కాదు, ఊళ్లు తగలబడుతున్నాయి.

అయితే ఈ మాట ఇక్కడితో ఆపేస్తే అన్యాయం చేసినవాణ్ణవుతాను. పోలీసు చర్య అని పేరు పెట్టిన ఆ సైనిక చర్య సమయంలో, ఆ తర్వాత కనీసం 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీయే అంచనా వేసింది. వాళ్లలో ఎక్కువమంది రజాకార్లతో ఏ సంబంధమూ లేని మామూలు ముస్లింలు. కొన్నిచోట్ల మన సైనికులూ పోలీసులూ దోపిడీలో చేతులు కలిపారని కూడా ఆ కమిటీ రాసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ఇటు తెలంగాణలో, రజాకార్లతో పోరాడిన రైతుల మీదికే అదే సైన్యం తిరిగింది. 1951 దాకా అది సాగింది.

షోలాపూర్ నుంచి నల్‌దుర్గ్ మీదుగా హైదరాబాద్‌కు ట్యాంకులు ఎలా నడపాలో ముందే ప్లాన్ వేశారు. ఆ నల్‌దుర్గ్ ఉన్న ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లా, ఎక్కువ ప్రాణాలు పోయిన జిల్లాల్లో ఒకటి. ట్యాంకులు దాటిపోయాక ఆ ఊళ్లకు ఎవరు కాపలా ఉండాలో ఎవరూ ఆలోచించినట్టు కనబడదు.