ఓటీజీలో కేక్ ఒకవైపే మాడుతోందా? ఓవెన్ థర్మామీటర్ రివ్యూ

నమస్తే అండి. ఇదిగో, అరచేతిలో పట్టేంత డయల్. దీన్నే ఓవెన్ థర్మామీటర్ అంటారు. ఓటీజీ, అంటే కేకులూ బిస్కెట్లూ కాల్చుకునే చిన్న కరెంటు ఓవెన్ లోపల వేడి నిజంగా ఎంతుందో చూపిస్తుంది. కంపెనీ వాళ్ళు ఉచితంగా పంపారు, ఏం చెప్పాలన్నది మాత్రం నా ఇష్టానికే వదిలేశారు. స్టీలు బాడీ, ముందు అద్దం, 50 నుంచి 300 డిగ్రీల దాకా చూపిస్తుంది. మిగతా వివరాలు అమ్మకం పేజీలో ఉంటాయి కాబట్టి నేరుగా పనిలోకి వెళ్దాం.

ముందు ఈ ట్రే చూడండి. కెమెరా దగ్గరికి తెస్తున్నా. ఉస్మానియా బిస్కెట్లు. వెనక వరుస అంచులు కాఫీ గింజ రంగుకి వచ్చేశాయి. ముందు వరుస ఇంకా పిండి రంగులోనే ఉంది, వేలితో నొక్కితే గుంట పడుతోంది. పిండి ఒకటే, మందం ఒకటే, పెట్టిన టైమూ ఒకటే. ఇలా జరగ్గానే అందరూ రెసిపీని తిడతారు. రెసిపీ తప్పేం లేదండి.

అసలు గొడవ నాబ్ దగ్గర మొదలవుతుంది. నాబ్ మీద 180 అని రాసుంది కదా, అది కేక్ చుట్టూ ఉన్న వేడి కాదు. చాలా చిన్న ఓటీజీల్లో థర్మోస్టాట్ నాబ్ వెనకాల, పక్క గోడ దగ్గర ఉంటుంది. దానికి తెలిసేది ఆ గోడ వేడి. గోడ వేడెక్కగానే వేడినిచ్చే రాడ్లు ఆపేస్తుంది, చల్లారగానే మళ్ళీ వేస్తుంది. ఈలోపు మధ్యలో వేడి ఎంతకైనా పెరగొచ్చు, తగ్గొచ్చు. అందుకే మొదటి కేక్ ఒకలా, వెంటనే పెట్టిన రెండో కేక్ ఇంకోలా వస్తాయి. ఇంత ఖరీదు పెట్టి కొన్న వస్తువు మీద ఒక అంకె వేసి, లోపల ఇంకో వేడి ఇస్తే కోపం రాదా? నాకైతే చాలా వస్తుంది.

ఇప్పుడు కొలుద్దాం. థర్మామీటర్‌ని మధ్య జాలీ మీద, సరిగ్గా నడుమ పెట్టండి. పై రాడ్లు, కింద రాడ్లు రెండూ ఆన్, నాబ్ 180. తలుపు తియ్యకుండా 20 నిమిషాలు ఆగండి, ఎందుకంటే ఈ ముల్లు నెమ్మదిగా కదులుతుంది. తర్వాత అరగంట పాటు ఐదేసి నిమిషాలకి అద్దంలోంచి చూసి రాసుకోండి. 165కి, 200కి మధ్య తిరుగుతోందా? సగటు 182. మీ ఓవెన్ బాగానే ఉంది. 190కి, 230కి మధ్య తిరుగుతోందా? సగటు 210, అంటే 30 ఎక్కువ. నాబ్ 150 దగ్గర పెట్టి మళ్ళీ కొలవండి, ఎందుకంటే తేడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. సరిపోయిన చోట నాబ్ పక్కన స్కెచ్ పెన్నుతో గీత గీసేయండి.

మరి ఈ డయలే తప్పు చూపిస్తే? పంచదార ఉందిగా. అది 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఫాయిల్ గిన్నెలో ఒక చెంచా వేసి, డయల్ 175 చుట్టూ ఉన్నప్పుడు 15 నిమిషాలు ఉంచండి. కరగకూడదు. 190 దాటించి, ఇంకో చెంచాతో ఇంకో 15 నిమిషాలు. కరగాలి. పంపిన డయల్ రెండుసార్లూ నెగ్గింది.

సగటు సరిగ్గా ఉన్నా ఒక పక్కే మాడుతోందంటే, జాలీ నిండా బ్రెడ్ ముక్కలు పరిచి 180లో 8 నుంచి 10 నిమిషాలు పెట్టండి. మీ ఓవెన్ మ్యాప్ చేతికొస్తుంది. ముందు ముక్కలు తెల్లగా ఉంటే రెండు అనుమానాలు: తలుపు స్ప్రింగు వదులై వేడి బయటికి పోవడం, లేదా ముందు రాడ్డు పోవడం. లైట్లు ఆర్పి, నాబ్ చివరిదాకా తిప్పి, నాలుగు నిమిషాలాగి చూడండి. అన్ని రాడ్లూ ఒకేలా ఎర్రబడాలి. ఓవెన్ లోపలి ఫ్యాన్ వైపు ముక్కలే నల్లబడితే ఫ్యాన్ ఆపి చెయ్యండి, లేదా 20 డిగ్రీలు తగ్గించి సగం టైమయ్యాక ట్రే తిప్పండి.

రాడ్డు పోయిందో లేదో తెలుసుకోడానికి మల్టీమీటర్ ఉన్నవాళ్ళు ఓవెన్ విప్పక్కర్లేదు. ప్లగ్ పీకి, పూర్తిగా చల్లారాక, టైమర్ తిప్పి, నాబ్ ఎక్కువ వేడి వైపు తిప్పి, ప్లగ్‌లో రెండు చిన్న పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి. 1500 వాట్ల ఓవెన్‌లో రెండు జతల రాడ్లూ ఆన్ అయితే 35 ఓమ్స్ దరిదాపుల్లో రావాలి, పై జత ఒక్కటే అయితే 70. ఆ 70 బదులు 140 చూపిస్తే ఆ జతలో ఒక రాడ్డు పోయినట్టే. రాడ్డు మార్పించేటప్పుడు పాతదాని పొడవు, వాట్లు చూసి అదే ఇప్పించుకోండి.

ట్రే సంగతి తొందరగా చెప్తా. ఓవెన్ గోడకి, ట్రేకి మధ్య అన్నివైపులా రెండు వేళ్ళ ఖాళీ ఉండాలి. కింది రాడ్ల దగ్గర ఫాయిల్ పరవకండి. నల్ల ట్రే అడుగు త్వరగా మాడుతుంది, బిస్కెట్లకి తెల్ల అల్యూమినియం మేలు.

ఇంకోటి, వేసవి సాయంత్రాలు కరెంటు 190 వోల్టులకి పడిపోయే ఇళ్ళల్లో రాడ్ల బలం 68 శాతమే వస్తుంది. వోల్టేజీ తగ్గితే వాట్లు దాని వర్గం లెక్కన తగ్గుతాయి. ఆ టైములో ప్రీహీట్, అంటే ఖాళీ ఓవెన్‌ని ముందుగా వేడి చెయ్యడం, 10 కాదు, 20 నిమిషాలు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దు, 16 ఆంప్స్ సాకెట్‌లోనే పెట్టండి.

ఇక డయల్ సంగతికొస్తే, కొనండి, తప్పకుండా కొనండి. ఓటీజీతో పాటే ఇది ఇవ్వాల్సిందన్నంత నచ్చింది. నచ్చనిది ఒక్కటే, ఈ కొక్కెం. జాలీకి తగిలిస్తే డయల్ పక్కకి వాలిపోయి ముల్లు కనపడట్లేదు. పట్టకారుతో కొక్కేన్ని ఇంత వంచితే, ఇదిగో, నిటారుగా నిలబడింది. ఇలాగే తయారుచేసి పంపమని కంపెనీ వాళ్ళకి ఈ రోజే రాస్తున్నాను.