పిచ్చుక పెట్టె ఏ గోడకి కట్టాలి?

పిచ్చుకలు గూడు కట్టుకునే పెట్టె కొనేశారు కదా అని కనిపించిన గోడకల్లా మేకు కొట్టేయకండి, ఒక్క నిమిషం ఆగండి. పిచ్చుక వచ్చేదీ రానిదీ సగం ఆ చోటు మీదే ఉంటుంది.

ముందు ఎండ సంగతి చూద్దాం. మన శ్రీకాకుళంలో మే నెల మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. మూడు గంటలప్పుడు పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించి చూడండి, ఠక్కున వెనక్కి తీసుకున్నారంటే ఆ గోడ వద్దు, ఈకలైనా రాని పిల్లలు ఆ వేడికి తట్టుకోలేవు. రేకుల షెడ్డు కింద అసలే వద్దు. పెట్టె కన్నం తూర్పుకో ఉత్తరానికో ఉండేలా, సన్‌షేడ్ కింద గానీ వసారా చూరు కింద గానీ కట్టండి. అక్కడ కూడా గోడ మీద నల్లటి పాచి చార కనిపిస్తే వాన జల్లు అందాకా కొడుతోందని అర్థం, కాస్త పక్కకి జరపండి.

ఎత్తు ఎనిమిది నుంచి పది అడుగులు. పక్కన పిట్టగోడో, ఏసీ డబ్బానో, కొమ్మో ఉంటే పిల్లి దాని మీదకెక్కి అందుకుంటుంది. వసారాలో సీలింగ్ ఫ్యాన్ ఉంటే ఆ దరిదాపుల్లో పెట్టకండి ప్లీజ్, రెక్క తగిలి పిచ్చుకలు చచ్చిపోతాయి. పెట్టె ముందు కూర్చోడానికని పుల్ల బిగించి ఇస్తారు, అది పీకేయండి, దాంతో పిచ్చుకకి పని లేదు, కాకికే ఆసరా. కన్నం 32 మిల్లీమీటర్లు, అంటే అంగుళంపావు చాలు, ఇంకా పెద్దదైతే గోరింకలు దూరిపోతాయి.

పిచ్చుకలు గుంపుగా బతికేవి, అందుకే వీలుంటే రెండు మూడు పెట్టెలు ఒకే గోడకి కట్టండి. పిల్లలకి మొదట్లో పురుగులే తిండి కాబట్టి దగ్గర్లో మందారమో గోరింట పొదో ఉండాలి, దానికి పురుగుమందు కొట్టకూడదు.

ఉద్దానం వాళ్లకి ఒక మాట. 2018లో తిత్లీ తుపానుకి కొబ్బరి, జీడి చెట్లు ఎన్నో కూలిపోయాయి. తొర్రల్లో గుడ్లు పెట్టే పైడికంటె (చిన్న గుడ్లగూబ), రామచిలుకలకి పాత చెట్లే ఇళ్లు, అందుకే మీ తోటలో ఎండిన మోడు ఏదైనా నిలబడి ఉంటే, మనుషుల మీద పడే చోట లేకపోతే, దాన్ని నరక్కండి.

పిచ్చుక గడ్డిపరకలు మోయడం మొదలుపెట్టాక ఇక పెట్టె కదపొద్దు. గుడ్లు పొదగడానికి దాదాపు రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది. ఆ నెల రోజులూ మూత తీయకండి, ఫొటో కోసమైనా సరే.