పాత బండికి కొత్త సైలెన్సర్

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే, అదీ చెన్నై ఉక్కపోతలో, టిఫిన్ సగంలో వదిలేసి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి ఎక్కువ సాగదీయను. లోపలికి వచ్చే ముందు బయట నిలబెట్టిన బళ్లన్నీ ఒకసారి చూశాను. బుల్లెట్లు, యెజ్డీలు, రెండు ఆర్‌ఎక్స్ 100లు. కంపెనీ సైలెన్సర్‌తో ఉన్నది ఒక్కటే. మిగతావన్నీ మార్చినవే, నాది కూడా. నా యెజ్డీకి మొన్న శుక్రవారమే రెండు కొత్త సైలెన్సర్లు బిగించాను. కాస్త దూరం తోలింది ఇవాళే, మన పాత బళ్ల సమావేశానికి.

మాది సూళ్లూరుపేట. చిన్నప్పుడు మద్రాసు రావాలంటే షోలవరం దాటి రావాలి. యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే అది. తర్వాత దానిమీదే బైకు రేసులు జరిగేవి. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ వచ్చిందాకా మద్రాసు రేసులంటే షోలవరమే. మా మేనమామ నన్ను ఒకసారి తీసుకెళ్లాడు. బళ్లు కనిపించక ముందే చప్పుడు వినిపించేది. కందిరీగల్ని రేకు డబ్బాలో వేసి ఊపినట్టు ఉండేది. "మామా, దానికి సైలెన్సర్ లేదా?" అని అడిగాను. "ఉందిరా, మన బండికున్నదాని కంటే అదే తెలివైంది" అన్నాడు. ఆ మాట అర్థం కావడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.

యెజ్డీ, ఆర్‌ఎక్స్ 100 లాంటి టూస్ట్రోక్ ఇంజిన్లలో పొగ పోయే దారిని మూసే వాల్వు ఉండదు. పొగ బయటికి పోయే దారి తెరుచుకుని ఉండగానే కొత్త పెట్రోలు గాలి లోపలికి వస్తుంది. అందులో కొంత పొగతో పాటు బయటికి జారిపోతుంది. దాన్ని ఆపాలంటే తలుపు లేదు. మరి ఎలా? పొగ గొట్టంలోకి దూకినప్పుడు పీడనం ఒక అలలా ముందుకు పరుగెడుతుంది. గొట్టం వెడల్పయ్యే చోట ఆ అల తిరగబడి వెనక్కి వచ్చి, సిలిండర్లో మిగిలిన పొగను లాగేస్తుంది. గొట్టం మళ్లీ సన్నబడే చోట ఇంకో అల తిరిగొచ్చి, జారిపోయిన పెట్రోలు గాలిని సిలిండర్లోకి తోసేస్తుంది. మధ్యలో లావు, రెండు చివర్లా సన్నం, సొరకాయలాంటి గొట్టం. ఎక్స్‌పాన్షన్ చాంబర్ అంటే ఇదే. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజినీర్ వాల్టర్ కాడెన్ 1950లలో దీన్ని పట్టుకుని సాన పెట్టాడు. 1961లో ఆయన రేసర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ దేశం దాటి సుజుకీలో చేరాడు. మరుసటి ఏడాది 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకీదే, తోలింది డెగ్నరే. గొట్టం రహస్యం కూడా ఆయనతోపాటే సరిహద్దు దాటిందన్నమాట.

ఒక చిన్న లెక్క చెబుతాను, భయపడకండి. ఇంజిన్ నిమిషానికి 6,000 సార్లు తిరుగుతుంటే ఒక్కో తిరుగుడుకి 10 మిల్లీసెకన్లు. ఎగ్జాస్ట్ దారి అందులో సగం సేపు తెరిచి ఉంటుందనుకుందాం, 5 మిల్లీసెకన్లు. వేడి పొగలో అల సెకనుకి సుమారు 500 మీటర్లు పోతుంది. అంటే ఆ 5 మిల్లీసెకన్లలో పోయి తిరిగి రావడానికి గొట్టం దాదాపు మీటరూ పాతిక సెంటీమీటర్లు ఉండాలి. అదే 9,000 దగ్గర అయితే 83 సెంటీమీటర్లు చాలు. పొట్టి గొట్టం పెడితే బలం పైకి, అంటే ఎక్కువ ఆర్‌పీఎంకి (నిమిషానికి ఎక్కువ తిరుగుళ్లకి) వెళ్లిపోతుంది. కింద ఏమీ మిగలదు. రేసులో అది కావాలి. అన్నా సాలైలో ట్రాఫిక్ మధ్య రెండో గేర్లో ఈడ్చుకుంటూ పోయేవాడికి అది ఎందుకు చెప్పండి? చాంబర్ పెట్టించుకుని "పికప్ పోయిందన్నా" అని వచ్చిన తమ్ముళ్లను చాలామందిని చూశాను. పికప్ ఎక్కడికీ పోలేదు, వాళ్లు ఎప్పుడూ ముట్టని ఆర్‌పీఎంలో కూర్చుని ఉంది.

కాబట్టి కొనబోయే ముందు ఒక పని చేయండి. పాత సైలెన్సర్ విప్పి లోపల టార్చి వేసి చూడండి. టూస్ట్రోక్‌లో కాలిన ఆయిల్ నల్లటి పెచ్చులా పేరుకుని బాఫిల్ (చప్పుడు తగ్గించే లోపలి గొట్టం) రంధ్రాలు మూసుకుపోతాయి. బండి బరువెక్కినట్టు, ఎత్తు ఎక్కనట్టు అనిపిస్తుంది. కాస్టిక్ సోడా నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి కడిగితే సగం బళ్లకు జబ్బు అక్కడే తీరిపోతుంది. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. అల్యూమినియం ముక్కలు మాత్రం ఆ నీళ్ల దగ్గరికి రానీయకండి, తినేస్తుంది.

అది కాదు, తుప్పు పట్టి చిల్లులే పడ్డాయి, కొనాల్సిందే అంటారా? యెజ్డీ తయారైన మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. కాబట్టి పుదుపేటలోనో, జనరల్ పాటర్స్ రోడ్డులోనో దొరికేది ఓల్డ్ స్టాక్, అంటే అప్పట్లో చేసి అమ్ముడుపోకుండా మిగిలింది అయినా అయి ఉండాలి, తర్వాత ఎవరో చేసింది అయినా అయి ఉండాలి. ఓల్డ్ స్టాక్ అనగానే మనవాళ్లకి చేతులు వణుకుతాయి. ముప్ఫై ఏళ్లు కాగితంలో చుట్టి పెట్టినదానికి పైన క్రోమ్ మెరుస్తున్నా లోపల తుప్పు పొడి రాలొచ్చు. నిలబెట్టి అరచేత్తో తట్టండి, ఏం రాలుతుందో చూడండి. కొత్తగా చేసినవాటిలో రేకు మందం చూడాలి. రెండు చేతుల్లో రెండు పెట్టుకుని బరువు పోల్చితే చెయ్యే చెబుతుంది. ఇంకోటి, 2018లో మళ్లీ వచ్చిన జావాలు ఫోర్‌స్ట్రోక్. అవి చూడ్డానికి ఎంత అచ్చం పాత బళ్లలా ఉన్నా వాటి సైలెన్సర్లు మన బళ్లకు పనికిరావు. యెజ్డీకి ఒక్క సిలిండర్‌కే రెండు ఎగ్జాస్ట్ దారులు, అందుకే రెండు సైలెన్సర్లు. ఒకటి పాతది, ఒకటి కొత్తది పెట్టకండి. జతగానే కొనండి.

బిగించడం గురించి నా తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. పదేళ్ల కిందట ఒక షాపులో జత కొన్నాను. వెనక బ్రాకెట్ రంధ్రం ఫ్రేమ్ రంధ్రానికి ఒక వేలు మందం పక్కకి ఉంది. షాపతను "బోల్ట్ వేసి టైట్ చెయ్ సార్, అదే వచ్చేస్తుంది" అన్నాడు. వచ్చేసింది కూడా. నెల తిరక్కుండా తడ దగ్గర బ్రాకెట్ వెల్డింగ్ పగిలి, సైలెన్సర్ రోడ్డు మీద నిప్పులు రాల్చుకుంటూ వేలాడింది. నా లుంగీ చింపి దాంతో సైలెన్సర్‌ని కట్టి ఇల్లు చేరాను. తప్పు షాపతనిది సగం, నాది సగం.

తర్వాత అంబత్తూరులో ఒక మెకానిక్ అన్న నా చేతే బిగింపించి నేర్పాడు. ముందు సిలిండర్ దగ్గర పాత ప్యాకింగ్ రింగు గీకి తీసేయించాడు, కొత్తది కూర్చోబెట్టించాడు. పెద్ద నట్టు థ్రెడ్డుకి గ్రాఫైట్ గ్రీజు రాయించి, చేత్తోనే తిప్పమన్నాడు, స్పానర్ ముట్టుకోనివ్వలేదు. "చేత్తో మూడు చుట్లు తిరగకపోతే థ్రెడ్డు అడ్డంగా ఎక్కింది, వెనక్కి తియ్" అన్నాడు. ఆ తర్వాత మధ్య క్లాంపు, వెనక బోల్టు, అన్నీ వదులుగానే. అప్పుడు సైలెన్సర్ని చేత్తో అటూఇటూ ఊపి చూపించాడు. ఎక్కడా బిగదీసుకోకుండా, దానంతటది వేలాడుతూ రంధ్రం ఎదురుగా నిలవాలి. నిలవకపోతే వాషర్ వెయ్యాలి, లేదా రంధ్రాన్ని ఆకురాయితో సాగదీయాలి, బోల్టుతో మాత్రం లాగకూడదు. సరిపోయాక ముందు సిలిండర్ నట్టు, తర్వాత క్లాంపు, ఆఖరున వెనక బోల్టు. నట్టుకి హుక్ స్పానరే (కొక్కెం ఉన్న స్పానర్) వాడాలి. ఉలి పెట్టి సుత్తితో కొట్టిన నట్లు ఎలుక కొరికినట్టు ఉంటాయి, బయట ఉన్న బళ్లలో కూడా ఒకటి అలాంటిది చూశాను. ఎవరిదో చెప్పను.

బుల్లెట్ వాళ్లు ఇందాకటి నుంచి ఓపిగ్గా కూర్చున్నారు. లాంగ్ బాటిల్, షార్ట్ బాటిల్, గోల్డ్‌స్టార్, పంజాబ్... బుల్లెట్ సైలెన్సర్లకి పేర్లు చాలా ఉన్నాయి. ఏది పెట్టినా పొగ ధారాళంగా పోయేదైతే కార్బురేటర్‌లో మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్క) ఒకటి రెండు సైజులు పెంచాల్సి రావచ్చు. బండి వేడెక్కాక కొంత దూరం గట్టిగా తోలి, క్లచ్ పట్టి, ఇంజిన్ ఆపేసి ప్లగ్ విప్పండి. టీలో ముంచిన బిస్కెట్ రంగులో ఉంటే సంతోషం. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, ఇంజిన్ లోపల కాగిపోతోంది. టూస్ట్రోక్ అయితే పిస్టన్ పట్టేస్తుంది కూడా. యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే ఫట్‌ఫట్ చప్పుడు చాలామందికి ముద్దు. చాలాసార్లు అది సిలిండర్ దగ్గర జాయింటులోంచి గాలి పీలుస్తున్న చప్పుడు. ప్యాకింగ్ మారిస్తే ఆ సంగీతం ఆగిపోతుంది.

మన ఊరికి ప్రత్యేకమైన బెడద తుప్పు. సముద్రపు గాలి ఒకటే కాదు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. సైలెన్సర్ బాగా కాగకపోతే ఆ ఆవిరి లోపలే నీరై నిలుస్తుంది. వారానికోసారి గ్యారేజీలో రెండు నిమిషాలు స్టార్ట్ చేసి "ఆరోగ్యంగా ఉంది" అని ఆపేసేవాళ్లు చేసేది సైలెన్సర్‌కి నీళ్లు తాగించడమే. తీస్తే ఓ పదిహేను కిలోమీటర్లు తోలండి, లేదంటే అలా ఉండనివ్వండి.

చట్టం సంగతి. సైలెన్సర్ ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన చెబుతుంది. మోత ఎక్కువైతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 కింద 10,000 రూపాయల దాకా జరిమానా, లైసెన్సు మూడు నెలలు పోవచ్చు. 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకుంటే రోజూ ఆఫీసుకి తోలుకుపోవడం కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేరు, పెట్రోలు కోసమే బయటికి తీయాలి. పక్కింట్లో పసిపిల్ల ఉంటే ఈ సెక్షన్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఆ తల్లి ముఖం గుర్తుంటే చాలు.

ఒకటి మర్చిపోయాను. కొత్త సైలెన్సర్ మొదటిసారి బాగా కాగి చల్లారాక ప్యాకింగ్ అణిగి సిలిండర్ నట్టు వదులవుతుంది. మళ్లీ బిగించాలి, బండి చల్లగా ఉన్నప్పుడే. నా యెజ్డీ వచ్చి గంటన్నర అయింది, ఈపాటికి చల్లారి ఉంటుంది. హుక్ స్పానర్ నా సంచిలో ఉంది. కాఫీ గ్లాసులు పట్టుకునే బయటికి రండి.