మంచు పడే చోట డెక్ కట్టిస్తున్నారా? కాంట్రాక్టర్‌ని ముందు గుంటల గురించి అడగండి

డెక్ అంటే ఇంటి బయట స్తంభాల మీద పలకలు పరిచి కట్టే అరుగు. దాని కొలతలు తీసుకోడానికి వచ్చిన కాంట్రాక్టర్ సంచిలోంచి పలకల శాంపిళ్లు తీసి బల్ల మీద పరుస్తాడు. గోధుమ రంగు, బూడిద రంగు, చెక్క గీతలున్నవి, లేనివి. ఇంటిల్లిపాదీ రంగు దగ్గరే గంట గడిపేస్తారు. గుంట ఎంత లోతు తవ్వుతావయ్యా అని మాత్రం ఒక్కరూ అడగరు.

చలి ప్రాంతాల్లో డెక్ పాడయ్యేది చాలావరకు రెండు చోట్ల. ఒకటి నేలలో, ఫుటింగ్, అంటే స్తంభం కింద గుంటలో పోసే కాంక్రీటు పునాది, పైకి లేవడం వల్ల. రెండోది గోడ దగ్గర, డెక్ ఇంటిని పట్టుకునే లెడ్జర్ పలక వెనక నీళ్లు చేరడం వల్ల. పని పూర్తయ్యాక ఈ రెండూ కంటికి కనపడవు. అందుకే ఈ వీడియోలో సగానికి పైగా వీటి గురించే. కొలతలు అంగుళాలు, అడుగులు, పౌండ్లలో చెబుతాను. కోడ్ అన్నప్పుడల్లా ఇళ్లు కట్టడానికి అమెరికాలో వాడే నమూనా నిబంధనల పుస్తకం ఐఆర్‌సీ అనుకోండి. మీ ఊళ్లో నిబంధన వేరుగా ఉంటే అదే చెల్లుతుంది.

ముందు నేల సంగతి. నీళ్లు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతాయి, ఫుటింగ్ లేచేది అందుకే అని చాలామంది చెబుతారు. అది సగం నిజమే. మట్టిలో అప్పటికే ఉన్న తడి ఉబ్బినంత మాత్రాన స్తంభం అంగుళాల కొద్దీ లేవదు. చలి పైనుంచి కిందికి దిగుతున్నప్పుడు, గడ్డకడుతున్న పొర తన కిందున్న మట్టిలోంచి నీళ్లని పీలుస్తుంది, దీపం వత్తి నూనెని పీల్చినట్టు. ఆ నీళ్లు పలచటి మంచు పొరలుగా పేరుకుంటాయి. పొర మందమవుతున్నకొద్దీ పైనున్న దాన్ని ఎత్తేస్తుంది. కింద నీళ్లు ఉండాలి, వాటిని పీల్చే సన్నటి మట్టి ఉండాలి, చలి ఉండాలి. మూడూ కలిస్తేనే లేస్తుంది. ఒండ్రులాంటి మెత్తటి మట్టిలో ఇది బాగా జరుగుతుంది. నీళ్లు నిలవని గులక నేల పెద్దగా కదలదు.

కాబట్టి ఫుటింగ్ అడుగుభాగం చలి దిగే లోతుకి కిందుండాలి. ఆ లోతు ఊరూరికీ మారుతుంది. మిన్నెసోటా నిబంధనల్లో దక్షిణ కౌంటీలకు 42 అంగుళాలు, ఉత్తర కౌంటీలకు 60. ఒక్క రాష్ట్రంలోనే అడుగున్నర తేడా! అందుకని "మేం ఎక్కడైనా నాలుగడుగులే తవ్వుతాం" అనేవాడి మాట పట్టుకోకండి. మీ భవన శాఖ చెప్పిన అంకె ఎంతో అతని నోటే చెప్పించండి.

లోతు సరిగ్గా ఉన్నా స్తంభం లేచిన డెక్కులున్నాయి. ఎందుకో ఈ బొమ్మ చూడండి. ఎడమవైపు గుంట నోరు వెడల్పు, అడుగు సన్నం, ముల్లంగి ఆకారం. కాంక్రీటు అలాగే పోసేశారు. గడ్డకట్టిన మట్టి ఆ ఏటవాలు పక్కల్ని పట్టుకుని పైకి లాగింది, అడుగు ఎంత లోతున్నా లాభం లేకపోయింది. కుడివైపు దానికి తిరగేసి ఉంది: కింద వెడల్పాటి పాదం, పైన నున్నటి అట్ట గొట్టం నేల మట్టం దాకా. మట్టి పట్టుకోడానికి గరుకు లేదు, పైకి లాగితే పాదం అడ్డుకుంటుంది. అట్ట గొట్టం గుంట పైభాగంలో మాత్రమే పెడతాడా, పాదం దాకా దింపుతాడా? ఇది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న.

ఇప్పుడు ఆ పాదం ఎంత వెడల్పుండాలో లెక్క వేద్దాం. మరీ సులువు. డెక్ 12 అడుగులు బయటికి, 16 అడుగులు గోడ వెంట. ఒకవైపు ఇంటికి బిగించాం, రెండోవైపు చివర దూలం, దాని కింద మూడు స్తంభాలు. మధ్య స్తంభం మోసేది 6 అడుగులు ఇంటూ 8 అడుగులు, 48 చదరపు అడుగులు. మనుషుల బరువుకి 40 పౌండ్లు, డెక్ సొంత బరువుకి 10, చదరపు అడుగుకి 50. మొత్తం 2,400 పౌండ్లు. సాధారణ మట్టి చదరపు అడుగుకి 1,500 పౌండ్లు మోస్తుందనుకుంటే 1.6 చదరపు అడుగుల పాదం కావాలి, అంటే దాదాపు 17 అంగుళాల వ్యాసం. చాలామంది దింపే 12 అంగుళాల గొట్టానికి అడుగున ఉన్నది 0.79 చదరపు అడుగులే. సగమే! మీ ప్రాంతంలో ఆ 40కి బదులు లెక్కలోకి తీసుకునే మంచు బరువు చదరపు అడుగుకి 60 పౌండ్లయితే ఆ పాదమే 20 అంగుళాలు దాటుతుంది. ఇంటి కప్పు మీద పేరుకున్న మంచు జారి డెక్ మీద పడే చోటయితే అది అదనం. తడి మంచు ఘనపుటడుగుకి సుమారు 20 పౌండ్లు తూగుతుంది, రెండడుగులు పేరుకుంటేనే 40. ప్లాన్‌లో ఏ మంచు బరువు తీసుకున్నారో అంకె రాసి ఉందో లేదో చూడండి.

ఇంకో చిన్న చిట్కా, దీనికి ఇంజినీరు అక్కర్లేదు. 12 అంగుళాల గొట్టం, నాలుగడుగుల లోతు అంటే 3.14 ఘనపుటడుగుల కాంక్రీటు. 80 పౌండ్ల బస్తా కలిపితే వచ్చేది 0.6. అంటే గొట్టానికే ఐదు బస్తాల పైచిలుకు, పాదానికి మళ్లీ వేరే. మూడు గుంటల పనికి మీ గేటు దగ్గర ఎనిమిది బస్తాలే దిగాయంటే గుంటలు లోతుగా లేవన్నమాట. ఇంకేం కొలవక్కర్లేదు.

గుంటలో జారిపడ్డ వదులు మట్టి తీయకుండా పోస్తే స్తంభం మొదటి ఏడాదిలోనే కిందికి దిగుతుంది. కాంక్రీటు పోయకముందు ఇన్‌స్పెక్టర్ గుంట చూసేది ఇందుకే. చలికాలం దగ్గరపడ్డాక పోస్తుంటే గడ్డకట్టిన నేల మీద పోయకూడదు. చదరపు అంగుళానికి 500 పౌండ్ల బలం వచ్చేదాకా, అంటే మొదటి ఒకటి రెండు రోజులు, అది గడ్డకట్టకుండా దుప్పట్లు కప్పాలి. పైకి కనిపించే భాగం ఏటా గడ్డకట్టి కరుగుతుంటుంది కాబట్టి సన్నటి గాలి బుడగలున్న, బయటి పనికి తగిన మిశ్రమం వాడమనండి.

తవ్వడం కుదరని నేలలో స్టీలు స్క్రూ పైల్స్ వేస్తారు, మరమేకులా తిప్పుతూ దింపేవి. మంచి పద్ధతే, తిప్పేటప్పుడు ఎంత బలం పట్టిందో చెప్పే టార్క్ అంకెలు రాసిస్తే. ఇంటికి బిగించకుండా నాలుగు వైపులా తన కాళ్ల మీదే నిలబడే డెక్ ఇంకో దారి. అలాంటి దానికి ఫుటింగ్ చలి లోతుకి దిగక్కర్లేదని ఐఆర్‌సీ మినహాయింపు ఇస్తుంది. డెక్ మొత్తం కొంచెం లేచి మళ్లీ దిగుతుంది, గోడని మాత్రం లాగదు. ఇంటికి బిగించిన డెక్‌కే అసలు తంటా. ఇల్లు కదలదు, బయటి స్తంభాలు లేస్తాయి, వాలు ఇంటివైపు తిరుగుతుంది. కరిగిన మంచు నీళ్లన్నీ గోడకే!

గోడ దగ్గరికి వద్దాం. లెడ్జర్ అంటే ఇంటి గోడకి బిగించే పొడవాటి పలక. జాయిస్టులు, అంటే డెక్ పలకల్ని మోసే అడ్డ దూలాలు, ఒక చివర దీని మీదే ఆనతాయి. డెక్ కూలిపోయిందంటే చాలాసార్లు ఊడింది ఇదే. దీన్ని మేకులతో బిగించకూడదు, పెద్దవైనా సరే. 12 అడుగుల జాయిస్టులు, 40 పౌండ్ల లోడ్ అయితే కోడ్ పట్టిక ప్రకారం అర అంగుళం లాగ్ స్క్రూలు, అంటే చెక్కలోకి దిగే లావుపాటి మరమేకులు, 15 అంగుళాలకొకటి, ఇవతలినుంచి అవతలికి దూరే బోల్టులైతే 29 అంగుళాలకొకటి, ఒకటి పైన ఒకటి కింద వచ్చేలా. ఇవి కాక డెక్ గోడ నుంచి బయటికి లాగకుండా రెండు చోట్ల 1,500 పౌండ్లు, లేదా నాలుగు చోట్ల 750 పౌండ్లు ఆపే టెన్షన్ బిగింపులు. గోడకి అందం కోసం పెట్టిన ఇటుక పొరకి లెడ్జర్ బిగిస్తానంటే అక్కడితో ఆపేయండి. ఆ ఇటుక తన బరువు మాత్రమే మోస్తుంది.

ఫ్లాషింగ్ అంటే నీళ్లు గోడలోకి పోకుండా వంచి పెట్టే రేకు. ఇది లెడ్జర్ నెత్తి మీదుగా వచ్చి కిందికి దిగాలి. దాని పై అంచు గోడకి చుట్టిన హౌస్‌ర్యాప్ పొర వెనక్కి పోవాలి, ముందుకి కాదు. చేప పొలుసులు ఎలా ఉంటాయి? పైది కిందిదాని మీదికి. అంతే. చాలామంది హౌస్‌ర్యాప్ ముందు రేకు అంటించి పైన సీలెంట్ గీత గీస్తారు. రెండు చలికాలాలకి ఆ గీత పగులుతుంది, నీళ్లు రేకు వెనక దిగి లెడ్జర్‌నీ ఇంటి అంచు దూలాన్నీ తింటాయి. బయటికి ఏమీ తెలియదు, ఎప్పుడో స్క్రూ డ్రైవర్ గుచ్చితే వెన్నలో దిగినట్టు దిగుతుంది. ఇంకోటి: ట్రీటెడ్ చెక్కకి, అంటే కుళ్లకుండా మందు పట్టించిన చెక్కకి, మామూలు అల్యూమినియం రేకు ఆనకూడదు. ఆ మందులోని రాగి రేకుని తినేస్తుంది.

ఈ రాగి గురించి రెండు ముక్కలు. 2003 చివరిదాకా ఇళ్లకి వాడిన ట్రీటెడ్ చెక్కలో ఆర్సెనిక్ మందు ఉండేది. దాన్ని మానేశాక వచ్చినవాటిలో రాగి పాలు ఎక్కువ, ఇనుముకి తుప్పు ఎక్కువ. కరుగుతున్న మంచు తడి, మీరు చల్లే ఉప్పు దానికి తోడు. అందుకే జాయిస్ట్ హ్యాంగర్లు, అంటే జాయిస్టు చివరని పట్టుకునే రేకు కొక్కాలు, జీ185 అనే మందపాటి జింకు పూతవి, మేకులూ బోల్టులూ కరిగిన జింకులో ముంచిన హాట్ డిప్ గాల్వనైజ్డ్ లేదా స్టెయిన్‌లెస్. మిలమిలలాడే సన్న జింకు పూతవి డెక్ కోసం కాదు. స్టెయిన్‌లెస్ మేకుని గాల్వనైజ్డ్ హ్యాంగర్‌కి కొట్టకూడదు, జత కుదరదు. హ్యాంగర్ రంధ్రాలన్నీ నిండాలి, పలకలకి వాడే సన్న స్క్రూలు అందులో పనికిరావు. నేలని తాకే చెక్కకి యూసీ4ఏ అన్న చీటీ ఉండాలి. తర్వాత మార్చడం కష్టం కాబట్టి జాయిస్టులకీ అదే అడగడం మేలు. కోసిన ప్రతి చివరకీ రాగి నాఫ్తనేట్ పూయాలి. ఆ డబ్బా సైట్‌లో కనపడకపోతే పూయట్లేదనే.

పైపలకల గురించి ఎక్కువ చెప్పను. తడి ట్రీటెడ్ పలక ఎండితే కుంచించుకుంటుంది, దగ్గరగా వేసినా సందు వస్తుంది. చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసే కాంపోజిట్ పలక ఎండకీ చలికీ పొడవు మారుతుంది కాబట్టి చివర్ల సందు వేసిన రోజు ఉష్ణోగ్రతని బట్టి తయారీదారు పట్టిక చూసి పెట్టాలి. తలుపు గడపకీ డెక్‌కీ మధ్య ఒక మెట్టు ఎత్తు వదలండి. సమంగా కట్టిస్తే చూడ్డానికి బావుంటుంది, జనవరిలో మంచు గడప మీదికి పేరుకుంటుంది. ఇక మెట్లు! డెక్‌కి నాలుగడుగుల ఫుటింగ్ వేసి మెట్లని పలచటి రాళ్ల మీద పెట్టేస్తారు. ఆ రాళ్లు లేస్తే కింది మెట్టు ఎత్తు మారిపోతుంది. మెట్ల మధ్య తేడా అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు దాటకూడదని కోడ్. కాబట్టి మెట్ల కిందా ఫుటింగ్ ఉందో చూసుకోండి. రెయిలింగ్ స్తంభం 200 పౌండ్ల తోపుకి ఆగాలి. సగం కోసి పక్కన అతికించిన నాలుగు బై నాలుగు చెక్క ఆగదు.

కాంట్రాక్టర్ పాత పనులు చూపిస్తానంటే నిరుడు కట్టింది వద్దనండి. ఐదు చలికాలాలు దాటింది అడగండి. అక్కడ స్పిరిట్ లెవెల్ పెట్టి వాలు ఎటుందో చూడండి, లెడ్జర్ కింద గోడ మీద నల్ల చారలున్నాయా చూడండి, రెయిలింగ్ ఊపండి. ఐదు నిమిషాల పని.

తర్వాత కాగితం. అందులో ఫుటింగ్ లోతు, పాదం వ్యాసం, సంఖ్య, లెడ్జర్ బిగింపు దూరం, ఫ్లాషింగ్ రకం, మేకుల పూత, అన్నీ అంకెలతో ఉండాలి. "కోడ్ ప్రకారం" అన్న ఒక్క మాట చాలదు. పర్మిట్ అతని పేరు మీదే తీయాలి. మీరే తీసుకోండి అన్నాడంటే లైసెన్సు ఎందుకు వాడటం లేదో ఆరా తీయండి. బీమా పత్రం అతని చేతినుంచి కాక నేరుగా బీమా కంపెనీ నుంచి తెప్పించుకోండి. అడ్వాన్సు పదో వంతు, గుంటల తనిఖీ పాసయ్యాక మూడో వంతు, ఫ్రేమ్ తనిఖీ అయ్యాక ఇంకో మూడో వంతు, ఆఖరి తనిఖీ అయ్యాక మిగతాది. మసాచుసెట్స్‌లోనైతే, ప్రత్యేకంగా ఆర్డరు పెట్టాల్సిన సామాను ఉంటే తప్ప, మూడో వంతుకి మించి అడ్వాన్సు తీసుకోనివ్వదు చట్టం. ఆఖరి చెక్కు ఇచ్చే ముందు సామాను అమ్మినవాళ్లకి బాకీ లేదన్న లీన్ వేవర్ తీసుకోండి. లేకపోతే అతని అప్పు మీ ఇంటి మీదికి రావచ్చు.

గ్యారంటీ పేజీలో "నేల కదలికకి బాధ్యత లేదు" అన్న లైను వెతకండి. చాలా ఒప్పందాల్లో ఉంటుంది. దాన్ని కొట్టించి, కోడ్ లోతుకి తవ్విన ఫుటింగ్ మొదటి రెండు చలికాలాల్లో లేస్తే సరిచేసే బాధ్యత తనదేనని రాయించండి. పని ముగిసిన రోజు లేజర్ లెవెల్‌తో ప్రతి స్తంభం మీదా ఒకే ఎత్తులో పెన్సిల్ గీత పెట్టించి, ఇంటి పునాది మీదా అదే ఎత్తులో ఒక గీత పెట్టించి, తేదీతో ఫోటోలు తీసి ఇద్దరూ ఉంచుకోండి. మార్చిలో నేల ఇంకా గడ్డకట్టి ఉండగానే మళ్లీ లేజర్ పెట్టండి. నేల కరిగాక చూస్తే లేచినవి కొన్ని వెనక్కి దిగి ఉంటాయి, అప్పుడు కొలిచి లాభం లేదు.