కొత్త ఫ్లూ టీకాకు ముందుగా చేయి చాపేవాళ్ల కోసం

హనుమకొండలో ఇంతమంది డిగ్రీ పిల్లలు, అమ్మానాన్నలతో సహా వచ్చారు గదా, నేరుగా విషయంలోకి వస్తాను. కొత్త రకం ఫ్లూ వ్యాపించినప్పుడు టీకాను తొలిసారి మనుషులకు వేసి చూస్తారు. రేపు ఆ వాలంటీర్లలో మీరూ ఉండొచ్చు.

2009లో స్వైన్ ఫ్లూ వచ్చింది, మన దేశంలో మొదటి కేసు మే నెలలో హైదరాబాద్‌లోనే బయటపడింది. జులైకల్లా ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 240 మంది ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు టీకా వేయడం మొదలుపెట్టారు, సగం మందికి 15 మైక్రోగ్రాములు, మిగతావాళ్లకు 30. వైరస్ కొత్తది గనక రెండు డోసులు తప్పవని చాలామంది నిపుణులు అనుకున్నారు, తీరా చూస్తే మూడు వారాలకి 15 మైక్రోగ్రాముల ఒక్క డోసుతోనే నూటికి 90 మందికి పైగా సరిపడా యాంటీబాడీలు, అంటే వైరస్‌ను అడ్డుకునేందుకు ఒంట్లో తయారయ్యే ప్రొటీన్లు, వచ్చాయి. అంటే ఉన్న టీకానే రెండింతల మందికి వేయొచ్చు! ఆ 240 మందికి మనందరం రుణపడి ఉన్నాం.

సరిపడా అని ఎలా తేలుస్తారంటే, వాలంటీరు రక్తంలో కణాలు తీసేశాక మిగిలే ద్రవాన్ని, అంటే సీరాన్ని, చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటులో పలచన చేసుకుంటూ పోయి, వైరస్ కలిపి, ఆపైన పక్షుల ఎర్ర రక్తకణాలు వేస్తారు. యాంటీబాడీలు లేకపోతే వైరస్ ఆ కణాలను పట్టుకుని గుంటంతా పొరలా పరుస్తుంది. ఉంటే కణాలు అడుగుకి జారి ఎర్రటి గుండీలా కూర్చుంటాయి. 40 రెట్లు పలచన చేసినా గుండీ కనబడితే పాస్. కానీ అది రక్షణకు గుర్తు మాత్రమే, ఫ్లూ రాదని రుజువు కాదు, తొలి దశలో ఆ సంగతి తేలదు.

1976లో అమెరికాలో స్వైన్ ఫ్లూ టీకా 4 కోట్ల మందికి పైగా వేశాక, గిలాన్-బారే అనే నరాల జబ్బు సుమారు లక్షమందిలో ఒకరికి అదనంగా కనబడింది. లక్షలో ఒకరికి వచ్చేది 240 మందిలో ఎలా దొరుకుతుంది? అందుకే "ట్రయల్‌లో ఎవరికీ ఏం కాలేదు" అంటే, ఎంతమందిని, ఎన్నాళ్లు చూశారని అడగండి.

మన పక్క ఖమ్మంలో 2009లో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు, హాస్టళ్లలో చాలా అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకం పెట్టారు. ఆ తర్వాత జరిగిన మరణాలకు టీకానే కారణమని విచారణలో తేలలేదు, అయినా ఆ సంతకాలు ముమ్మాటికీ తప్పే. కాగితం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, కోయ మాట్లాడే ఇంటికి కోయలోనే వివరించాలి. మధ్యలో ఎప్పుడైనా, కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలని మన దేశపు 2019 క్లినికల్ ట్రయల్ నిబంధనల్లో ఉంది. ఆ ట్రయల్ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో, అంటే ట్రయల్స్ వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, నమోదైందో లేదో ఫోన్‌లోనే చూసుకోవచ్చు.

ఇవన్నీ అడిగాక మనసొప్పితే చేరండి, లేదంటే వద్దనండి, టెన్షన్ పడకండి. ఇప్పుడు మైకు ముందు అమ్మలకివ్వండి, వాళ్ల ప్రశ్నలు విందాం.